అవ్వ లేడీస్ టైలర్స్

పెనుకొండలో రోడ్డు పక్కన ఒక ఇల్లుంది. దాని నెత్తిన 'అవ్వ లేడీస్ టైలర్స్' అని బోర్డు ఉంటుంది. అక్కడ బట్టలు కుట్టరు. అక్కడేం జరుగుతుందో ధర్మవరం నుంచి హిందూపురం దాకా లారీలు, ఆటోలు నడిపేవాళ్లకూ, ఫ్యాక్టరీ పనులకు వచ్చి గదుల్లో ఉంటున్న మగవాళ్లకూ బాగా తెలుసు. ఆ పేరు రాయించింది నేను. పెయింటర్ పక్కన నిలబడి, దీర్ఘాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి మరీ రాయించాను.

హిందూపురంలో ఒక సంస్థలో పదకొండేళ్లు పనిచేశాను. ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లను కలవడం, రక్తపరీక్షలకు ఆసుపత్రికి తీసుకెళ్లడం, మందులు మానేస్తే ఎందుకు మానేశారో కనుక్కోవడం నా పని. చర్చిలో ఎవరైనా అడిగితే 'ఆరోగ్యం పని' అని చెప్పేదాన్ని. మా ఆయన గుడిబండ దగ్గర బడిలో పంతులు. ఆయనకు నా పని తెలుసు గానీ, ఎప్పుడూ వివరాలు అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆమెను మొదటిసారి ధర్మవరం స్టేషన్లో చూశాను. పొద్దున పదిన్నర అయివుంటుంది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద, ఒళ్లో టిఫిను బాక్సు పెట్టుకుని, ఆఫీసుకు పోయే మనిషిలా కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుండొచ్చు. జడ గట్టిగా అల్లుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆమే అంది.

"మీ సంచిలో ఏముండాదో నాకు తెలుసు మేడమ్. పోయిన వారం ఆ చివర కూచున్న ఆమెకు ఇచ్చినారు గదా. నాకూ ఇచ్చిపోండి. మాటలేం వద్దు."

నిరోధ్ ప్యాకెట్లు తీసి ఇచ్చాను. మాటలు మాత్రం ఆ రోజు కాకపోయినా తర్వాత వచ్చాయి. నల్లమాడ దాటాక ఒక పల్లె ఆమెది. తల్లి చిన్నప్పుడే పోయింది, నాయన ఇంకో పెళ్లి చేసుకుని వేరుపడ్డాడు. అవ్వ పెంచింది. శనక్కాయ చేలల్లో కూలికి పోయి, ఇంటికొచ్చాక పాత చీరలతో బొంతలు కుట్టేదట ఆ ముసలామె. ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా కింద పరిచేది ఆమె కుట్టిన బొంతేనట. సూదిలో దారం ఎక్కించడం ఈమె పని. అవ్వకు చూపు ఆనదు కాబట్టి.

మగ్గం పనిచేసేవాడికిచ్చి పెళ్లిచేశారు. ధర్మవరం వచ్చారు. ఆడపిల్ల పుట్టింది. మరమగ్గాలొచ్చి చేతిమగ్గాల పని తగ్గిపోయాక మొగుడు బెంగళూరు పోతానని పోయాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని రెండేళ్లకు తెలిసింది. ఈమె ఒక షెడ్డులో పట్టుదారం చుట్టే పనికి చేరింది. ఆ షెడ్డు యజమాని ఏం చేశాడో ఆమె నాకు ఒకే వాక్యంలో చెప్పింది, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఇక్కడ అదీ రాయను. షెడ్డు తర్వాత స్టేషను.

అవ్వ అప్పటికే పోయింది. కూతుర్ని నల్లమాడ దిక్కునే ఆడపిల్లల హాస్టల్లో వేసింది. ఆ పిల్లకు తల్లి పట్టు షెడ్డులోనే పనిచేస్తున్నట్టు లెక్క.

మా సంస్థ హిందూపురంలో కుట్టు నేర్పించే కార్యక్రమం పెట్టినప్పుడు నేను మొదట ఆమెనే అడిగాను. నవ్వింది.

"నేర్చుకుంటే ఏమిస్తారు మేడమ్?"

"మిషను ఇస్తారు. మంచిది. కాళ్లతో తొక్కేది."

"నిజంగానా?"

ఆ 'నిజంగానా' ఇప్పటికీ నా చెవిలో ఉంది. మూడు నెలలు రోజూ ధర్మవరం నుంచి రైల్లో వచ్చింది. ఒక్కరోజు మానలేదు. మిగతావాళ్లు సుద్ద గీసుకుని, కొలత చూసుకుని, మళ్లీ గీసుకుని కత్తెర పెట్టేవాళ్లు. ఈమె గుడ్డను ఒళ్లో వేసుకుని అరచేత్తో ఒకసారి తడిమి కత్తిరించేసేది. నేర్పే టీచరు మొదట తిట్టింది. తర్వాత మిగతావాళ్లను ఆమె దగ్గర కూర్చోబెట్టింది.

మిషన్లు పంచేరోజు ఆఫీసర్లు వచ్చారు, ఫొటోలు తీశారు. ఆడవాళ్లందరినీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకోమన్నారు, ఎవరూ గుర్తుపట్టకూడదని. ఈమె ఆ ఫొటోగ్రాఫర్‌తో "నా మొగమెందుకు సార్, మిషను మొగం తియ్యండి, అది కళగా ఉండాది" అంది. అందరం నవ్వాం. ఆ ఫొటో చాలాకాలం మా ఆఫీసు గోడకు ఉండింది. కొంగు చాటున తలలు, వాటి ముందర నల్లగా మెరుస్తున్న మిషన్లు.

ధర్మవరంలో అంగడి పెట్టడం కుదరదు. అక్కడ ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది. హిందూపురంలో అద్దెలు ఎక్కువ. అప్పుడే పెనుకొండ దగ్గరికి కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. కొత్త ఇళ్లు, కొత్త కాపురాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. ఒకరి సంగతి ఒకరికి తెలియని చోటు అయితే మంచిదనుకున్నాను. మా ఆయనకు తెలిసిన ఒక శెట్టిగారికి అక్కడ ఇల్లుంది. రోడ్డు వైపు ఒక గది, వెనక రెండు గదులు, పెరడు. ఆయనతో మాట్లాడింది నేనే.

"ఎవరమ్మా ఆమె?" అన్నాడు శెట్టిగారు.

"మా బంధువులామె. మొగుడు పోయినాడు. కుట్టుపని చేసుకుంటుంది."

"మీరు చెప్తాండారు గాబట్టి ఇస్తాండా. ఒంటరి ఆడోళ్లకు నేను ఇల్లు ఇయ్యను."

రెండు అబద్ధాలు ఒకేసారి చెప్పాను. ఆ రోజు నాకు పాపమనిపించలేదు. బస్సులో తిరిగొస్తూ పాట కూడా పాడుకున్నాను.

బోర్డు రాసే పెయింటర్ వచ్చి ఏ పేరు రాయాలని అడిగాడు. నేను ఆమె కూతురి పేరు పెడదామన్నాను. వద్దంది. దేవుడి పేరన్నాను. "దేవుడు రెండు అంగళ్లకు ఒకటి ఉండాడు ఈ రోడ్డులో" అంది. కాసేపు ఆలోచించి "మా అవ్వ పేరు పెట్టుకుంటానక్కా" అంది. అప్పటికి నన్ను మేడమ్ అనడం మానేసి చాలా రోజులైంది.

"మీ అవ్వ పేరేంటి?"

ఆమె మొహం ఒక్కసారి బిగుసుకుపోయింది. "తెల్దక్కా. అవ్వే. ఊర్లో పెద్దోళ్లు చిన్నోళ్లు అందరూ అవ్వా అనే పిల్సేది. రేషన్ కార్డులో ఏందో ఉండేది, నాకు చదువు రాదు గదా. ఆమె పోయినప్పుడన్నా ఎవర్నైనా అడిగింటే బాగుండు."

"అయితే 'అవ్వ' అనే రాయిద్దాం."

పెయింటర్ బ్రష్షు పట్టుకుని నవ్వాడు. "అవ్వ లేడీస్ టైలర్స్ అంటే ముసిలోళ్లకు మాత్రమే కుడతారనుకుంటారు మేడమ్."

"ముసిలోళ్లకు కుట్టేవాళ్లు ఎవరుండారప్పా? రానీ," అంది ఆమె.

పసుపు మీద ఆకుపచ్చ రంగుతో రాశాడు. ఆరేదాకా ముగ్గురం రోడ్డు మీదే నిలబడ్డాం.

అయిదారు నెలలు బాగా జరిగింది. ఆ రోజుల గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ దొరకడం లేదు. జాకెట్లు, ఫాల్స్, పికోలు. కొలతలు రాసుకోవడం రాదు కాబట్టి ఒక్కొక్క గుడ్డకు ఒక్కో రంగు దారంతో ముడివేసి గుర్తుపెట్టుకునేది. నాకొక జాకెట్టు కుట్టింది. చంకలో పట్టకుండా, మెడ దగ్గర జారకుండా, నా ఒంటి మీద ఏ టైలరూ అలా కుట్టలేదు. నెలకోసారి హాస్టలుకు పోయి కూతురికి గౌన్లు ఇచ్చివచ్చేది. "మా అమ్మకు సొంత అంగడి ఉండాదని అందరితో చెప్పినాదంట నా బిడ్డ" అని ఫోనులో చెప్పి చెప్పి నవ్వేది.

ఒకరోజు భార్యాభర్తలిద్దరు జాకెట్ల గుడ్డలు పట్టుకుని వచ్చారు. ఫ్యాక్టరీ దగ్గర కాంట్రాక్టు పనికని ధర్మవరం నుంచి వచ్చి అక్కడ కాపురం పెట్టినవాళ్లు. భార్య కొలతలు ఇస్తుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఈమె తలెత్తి చూసింది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. ఈమె కొలతలు తీసుకుంది. నడుం రెండుసార్లు కొలిచానని చెప్పింది నాతో.

వారానికి అతనొక్కడే వచ్చాడు. ఈమె పొమ్మంది. పోయాడు. ఆ తర్వాత అతని భార్య వచ్చి కుట్టని గుడ్డలు వెనక్కి ఇమ్మంది, ఊరికి పోవాలి, అర్జెంటు అని. మర్నాడు ఎదురింటావిడ అడిగింది. ఆ మర్నాడు ఇద్దరు. ఎవరూ తిట్టలేదు, గొడవ చేయలేదు. అందరికీ ఊళ్లకు పోవలసిన పని పడింది.

"అక్కా, గుడ్డలు ఎనిక్కి తీసుకుపోతాండారు" అని ఫోను చేసింది. నేను మధ్యాహ్నం బస్సుకు వెళ్లాను. గదిలో అడ్డంగా కట్టిన తాడు మీద హ్యాంగర్లు ఊరికే వేలాడుతున్నాయి. మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"మడకశిరలో చూద్దాం. అక్కడెవరూ ఎరగరు," అన్నాను.

"యాడికి పోయినా నా మొగం నాతోనే వస్తాది గదక్కా."

"కొన్నాళ్లు ఓపిక పట్టు. నేను మా సంస్థలో అడుగుతాను."

"అడుగక్కా," అంది. నా మీద జాలిపడి అన్నట్టుంది.

మా సంస్థకు అప్పటికే పైనుంచి సాయం ఆగిపోతోంది. ఆ నెలలోనే కుట్టు కార్యక్రమం మూసేశారు. రెండు నెలలకు నా ఉద్యోగమూ పోయింది. పోకముందు నేను ఆమె కోసం గట్టిగా ప్రయత్నించానా అంటే, ఒక దరఖాస్తు రాశాను. దాన్ని రెండుసార్లు గుర్తుచేశాను. అంతే. ఆ రోజుల్లో నా గురించి నాకే దిగులుగా ఉండేది.

నేను మళ్లీ పెనుకొండ వెళ్లేసరికి నాలుగు నెలలైంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లవాడు, ఒకప్పుడు లాడ్జిలో మేనేజరుగా చేశాడట. లోపల ఆమెతో పాటు కొత్తగా ఇద్దరు ఆడవాళ్లున్నారు, తెలుగు సరిగ్గా రానివాళ్లు. మిషను అదే చోట ఉంది. దాని మీద ఒక సగం కుట్టిన జాకెట్టు, సూది కింద ఇరుక్కున్నట్టు పెట్టి ఉంది. వచ్చేపోయేవాళ్లు చూడ్డానికి.

శెట్టిగారికి ఏమని చెప్పారో, ఆయనకు ఏం తెలుసో నేను కనుక్కోలేదు. ఆయన ముందుకు పోయే మొహం నాకు లేదు.

బోర్డు ఎందుకు తీయలేదని అడిగితే ఆ మనిషి నాకు మర్యాదగానే సమాధానం చెప్పాడు. "లేడీస్ టైలర్ అంటే ఆడోళ్లు వస్తారు, పోతారు మేడమ్. ఎవురూ అడగరు. మొగోడు వచ్చినా పెండ్లాం జాకెట్టు కోసం వచ్చినాడనుకుంటారు. ఇంత మంచి బోర్డు యాడ దొరుకుతాది?"

ఆ తర్వాత పేరు తన దారిన తాను పోయింది. మొదట 'అవ్వ టైలర్స్' అనేవాళ్లు. ఆపైన ఒట్టి 'అవ్వ'. భార్య పక్కన ఉన్నా, తల్లి వింటున్నా, బస్సులో నలుగురి మధ్యా పలకగలిగిన మాట అది. ఒకసారి హిందూపురం నుంచి పోతున్న బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కుర్రవాళ్లు మాట్లాడుకోవడం విన్నాను.

"ఏమబ్బా, యాడ దిగుతాండావు?"

"పెనుకొండలో. అవ్వను చూసి చానా దినాలాయ."

ఇద్దరూ నవ్వారు. వాళ్ల పక్క సీట్లో ఒక ముసలామె, వీళ్లు మంచి పిల్లలనుకుందో ఏమో, తనూ నవ్వింది. మా ఇంట్లో మా అత్తగారిని నా పిల్లలు అవ్వా అనే పిలుస్తారు. ఆ సాయంత్రం మా చిన్నది "అవ్వ కాడికి పోతాండా" అంటూ గదిలోకి పరుగెత్తితే ఎందుకు కసిరానో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

అదే వారం ఆ పెయింటర్‌ను వెంటబెట్టుకుని, తెల్లరంగు డబ్బాతో పెనుకొండ వెళ్లాను. బోర్డు చెరిపేస్తాననే అనుకున్నాను. గుమ్మంలో మనిషి లేడు. ఆమె బయటికి వచ్చింది. నిచ్చెనను చూసింది, డబ్బాను చూసింది.

"ఏందక్కా ఇది?"

"చెరిపిస్తాను. మీ అవ్వ పేరమ్మా అది. వాళ్లేమని వాడుతున్నారో వింటున్నావా?"

"వింటాండా. రోజూ వింటాండా." నిచ్చెన పట్టుకుని పక్కకు జరిపింది. "బోర్డు లేకపోతే ఈ ఇంటికి నా పేరు పెడతారక్కా. ఫలానా ఆమె ఇల్లు అంటారు. ఈ పక్క ఊర్లన్నీ తిరుగుతాది నా పేరు. నల్లమాడ దాకా పోతాది. అవ్వకు ఇంగ సిగ్గేముండాది? చచ్చిపాయ. నా బిడ్డ బతికుండాది."

పెయింటర్ తల వంచుకుని డబ్బా మూత బిగించాడు. మేం తిరిగి వచ్చేశాం.

ఆ పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. సెలవులిచ్చినప్పుడల్లా తల్లే హాస్టలుకు వెళ్లి, అట్నుంచి అటే నల్లమాడలో ఒక దూరపు బంధువుల ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చేది. అంగడికి ఎప్పుడూ తీసుకురాలేదు. ఆ దసరా సెలవులకు ఆమెకు జ్వరం. ఫోను ఎత్తలేదు. హాస్టల్లో పిల్లలందరూ వెళ్లిపోయారు. ఈ పిల్ల మధ్యాహ్నం దాకా చూసి, పెట్టె పట్టుకుని బస్సెక్కింది. పెనుకొండలో దిగి ఆటోస్టాండు దగ్గరికి పోయి అడిగింది.

"అన్నా, అవ్వ లేడీస్ టైలర్స్ యాడ?"

మళ్లీ అడిగింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆ పిల్ల నాకు చెప్పలేదు. ఒక పెద్దాయన మాత్రం గబగబా ఆటో దిగి వచ్చి "అట్లాంటి పేరు ఈడ యాడా లేదు పాపా, ఊరికి పో" అని బస్టాండులోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడట. పద్నాలుగేళ్ల పిల్ల. ఆ నవ్వూ, ఈ పెద్దాయన తొందరా చాలు, తెలుసుకోవడానికి.

హాస్టలు ఫారంలో రెండో నంబరు నాది. ఒక అంగడి నుంచి ఫోను చేసింది. నేను వెళ్లేసరికి సాయంత్రం నాలుగైంది. పెట్టె మీద కూర్చుని ఉంది. తల్లి కుట్టిన పూలగౌను. మెడ దగ్గర కుట్టు చూడగానే గుర్తుపట్టాను. నా చేయి తగలనివ్వలేదు.

"మీకు తెల్సునా ఆంటీ?"

"తెలుసు."

"బోర్డు రాయించింది మీరేనంట గదా? మా అమ్మ చెప్పింది, మీరు చానా మంచోళ్లని."

ఏదో చెప్పబోయాను. మిషను గురించి, మూడు నెలల రైలు గురించి, చేత్తో తడిమి కత్తిరించే పద్ధతి గురించి. నోట్లోంచి "అవును" అని మాత్రం వచ్చింది.

పక్కకు పోయి తల్లికి ఫోను చేశాను. ఈసారి ఎత్తింది. జ్వరంతోనే, తల మీదుగా కొంగు కప్పుకుని బస్టాండుకు వచ్చింది. పదడుగుల దూరంలో ఆగిపోయింది. పిల్ల నేల చూస్తూనే ఉంది. "తిన్నావా?" అంది తల్లి. ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. ఒక బస్సు వచ్చింది, జనం అడ్డమొచ్చారు, జనం కదిలాక చూస్తే ఆమె లేదు. పిల్లను ఆ రాత్రికి మా ఇంటికి తీసుకెళ్లాను. మా అత్తగారు అన్నం పెట్టింది. తినలేదు.

ఆ నెల తిరక్కముందే ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. బెంగళూరని ఒకరు, బళ్లారి అని ఒకరు చెప్పారు. ఫోను మోగడం మానేసింది. మిషను తీసుకుపోలేదు.

ఆ ఇల్లు నడుస్తూనే ఉంది. ఇప్పుడున్నవాళ్లకు అవ్వ ఎవరో తెలియదు. కుర్చీలో కూర్చునే మనిషి కూడా మారాడు. రేకు బోర్డు తుప్పు పడితే తీసేసి, అదే పేరుతో ఫ్లెక్సీ కట్టారు. పసుపు, ఆకుపచ్చ కూడా అలాగే ఉంచారు.

పిల్ల పది తప్పింది. మళ్లీ రాయలేదు. ఇప్పుడు హిందూపురంలో ఒక గార్మెంట్సు ఫ్యాక్టరీలో చేస్తోంది, ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో గది తీసుకుని ఉంటోంది. పోయిన వేసవిలో కూరగాయల మార్కెట్లో ఎదురుపడింది. చిక్కిపోయింది. వేళ్లకు ప్లాస్టర్లు. అమ్మ సంగతి ఏమైనా తెలిసిందా అని నేను అడగలేదు. ఆ పిల్ల కూడా నన్ను అడగలేదు.

"ఆదివారం ఇంటికి రామ్మా," అన్నాను.

"వస్తానాంటీ," అంది.

రాలేదు. ఆ పిల్ల గది ఎక్కడో నాకు తెలుసు, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. నేనూ వెళ్లలేదు.